చూచిరాత దాటి రావాలి: గ్రంథచౌర్యం గురించి మనలో మనం మాట్లాడుకోవాల్సిన మాటలు

(జంషెడ్‌పూర్‌లో తెలుగు విద్యార్థులు, పరిశోధకులు, అధ్యాపకులు కూర్చున్న ఒక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను పరిశోధనా పద్ధతుల మీద మాట్లాడమన్నారు. అంత పెద్ద విషయంలో నేను ఒక్క ముక్కే తీసుకుంటాను. విద్యార్థుల రాతల్లో కాపీ. పుస్తకాల్లో దీన్ని గ్రంథచౌర్యం అంటారు, యూనివర్సిటీ ఆఫీసులో ప్లేజియరిజం అంటారు, హాస్టల్లో మనం 'లేపేశాడు' అంటాం. పేరేదైనా మన సభల్లో ఈ మాట పెద్దగా వినపడదు. దానికి కారణం నాకు తెలుసు. మన పిల్లలకి మెరిట్ లేదు అనడానికి కాచుక్కూర్చున్నవాళ్లకు మనమే ఇంకో ఆయుధం అందించినట్టవుతుందేమోనని భయం. ఆ భయం ఉత్తిది కాదు. కానీ మనం మాట్లాడకపోతే ఈ విషయం ఆగిపోదు. మన గురించి మనం లేని గదుల్లో వేరేవాళ్లు మాట్లాడతారు, తీర్పులు కూడా చెప్తారు. అందుకే ముందు మనమే మాట్లాడుకుందాం.

కాపీ ఎలా బయటపడుతుందో మొదట చెప్తాను. సాఫ్ట్‌వేర్ పట్టిస్తుందని అనుకుంటారు. చాలాసార్లు పట్టించేది కన్ను. ఒక పేజీలో ఇంగ్లీషు తడబడుతూ ఉంటుంది, తర్వాతి పేజీలో ఒక్కసారిగా పండితుడి ఇంగ్లీషు మొదలవుతుంది. 'లేబర్' అనే మాట ఒక అధ్యాయంలో బ్రిటిష్ స్పెల్లింగుతో, ఇంకో అధ్యాయంలో అమెరికన్ స్పెల్లింగుతో ఉంటుంది. వాక్యాల మధ్య రచయితల పేర్లు ఇరవై ఉంటాయి, చివర గ్రంథసూచిలో అందులో ఐదు కూడా కనపడవు. 2019లో రాసిన థీసిస్‌లో 'రాబోయే 2011 జనాభా లెక్కలు' అని ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో తాలూకాలు పోయి మండలాలు వచ్చింది 1985లో. ఇప్పటి పరిస్థితి అని రాస్తూ, అందులో ఒక జిల్లాకి ఏడు తాలూకాలు అని ఉంటే ఆ పేజీ ఎక్కడి నుంచో వచ్చిందని అర్థం.

నాకు ఎదురైన ఒక సంగతి చెప్తాను. ఏ యూనివర్సిటీయో చెప్పను, ఈ ఊరిది మాత్రం కాదు. రీసెర్చ్ స్కాలర్లకు అక్కడ ఎం.ఏ. డిజర్టేషన్లు ముందుగా చదివి పెట్టే పని ఇస్తారు. వలస కార్మికుల మీద నేను పని చేస్తున్నానని ఒక బస్తీ గురించి రాసిన డిజర్టేషన్ నాకిచ్చారు. రాసింది మన అమ్మాయి. వాళ్లింట్లో డిగ్రీ దాటిన మొదటి మనిషి. ఆ అమ్మాయి తీసుకున్న ఊరు సముద్రానికి కొన్ని వందల కిలోమీటర్ల దూరంలో ఉంది. మూడో అధ్యాయంలో మాత్రం తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు బస్తీవాళ్లు ఎక్కడ తలదాచుకుంటారో రెండు పేజీలు రాసి ఉంది. ఆ రెండు పేజీల్లోంచి ఒక వాక్యం తీసుకుని వెతికాను. శోధ్‌గంగలో ఉన్న ఒక పీహెచ్‌డీ థీసిస్ దొరికింది. అధ్యాయం అంతా అందులోదే. ఊరి పేరు, బస్తీ పేరు మార్చారు. సముద్రాన్ని మార్చడం మర్చిపోయారు.

ఆ అమ్మాయిని పిలిచి అడిగాను. దాచలేదు, ఏడవలేదు. "అన్నా, చూసి రాయమన్నారు, చూసే రాశాను. కాపీ పేస్ట్ చెయ్యలేదన్నా, అంతా నేనే కూర్చుని టైప్ చేశాను. వారం పట్టింది" అంది. అబద్ధం చెప్తోందని నాకనిపించలేదు. టైప్ చేస్తే కాపీ కాదని నిజంగానే అనుకుంది.

ఈ మాట దగ్గర కాస్త ఆగాలి. మనం బళ్లో మొదట నేర్చుకున్నది చూచిరాత. పై గీతలో ఉన్నదాన్ని కింది గీతలో అచ్చం అలాగే దించితే గుడ్ అని పెట్టేవారు. పదో తరగతిలో గైడు, ఇంటర్‌లో మెటీరియల్, డిగ్రీలో ఆల్ ఇన్ వన్. నోట్సులో ఉన్న వాక్యం ఉన్నట్టు దించినవాడికి మార్కులు, సొంతంగా రాసినవాడికి ఎర్ర గీత. పదిహేనేళ్ల పాటు ఎవరి వాక్యమో అడగకుండా అచ్చంగా దించమని చెప్పి, పదహారో ఏడు అదే పనికి దొంగతనం అని పేరు పెడుతున్నాం. మధ్యలో ఎవరూ, ఒక్కరోజు కూడా, ఇంకొకరి మాటను మన రాతలోకి ఎలా తెచ్చుకోవాలో నేర్పలేదు.

కొందరికి ఇది ఇంట్లోనే వస్తుంది. తండ్రి ప్రొఫెసర్, అక్క అమెరికాలో పీహెచ్‌డీ, మేనమామ సంపాదకుడు. ఫుట్‌నోట్ అంటే ఏమిటో ఆ ఇంట్లో భోజనాల దగ్గర తెలుస్తుంది. మన ఇళ్లలో అది తెలిసే దారి లేదు. కాబట్టి ఆ అమ్మాయి చేసింది తప్పే అయినా, అది ఆ అమ్మాయి ఒక్కదాని తప్పు కాదు. మొదటి తరం విద్యార్థికి నేర్పకుండా పట్టుకోవడం మాత్రమే చేసే చదువు, కింద మెట్టు తీసేసి పైకి ఎక్కలేదేమని అడుగుతున్నట్టు ఉంటుంది.

ఇక్కడితో ఆపితే సగమే చెప్పినట్టు. ఆ శోధ్‌గంగ థీసిస్ నేను మొత్తం చదివాను. రాసినావిడ కూడా మన మనిషే. కృతజ్ఞతల పేజీ చదివితే తెలుస్తుంది. ఫెలోషిప్ ఆలస్యమైన నెలల్లో అప్పు ఇచ్చిన స్నేహితురాళ్ల పేర్లు ఉన్నాయి, బస్తీలో తనతో పాటు ఇల్లిల్లూ తిరిగిన తల్లికి నమస్కారం ఉంది. ఆ థీసిస్‌లో ఒక పారిశుధ్య కార్మికురాలి మాటలు నాలుగైదు వాక్యాలున్నాయి. భర్త పోయాక ఆ ఉద్యోగం తనకు ఎలా వచ్చిందో, మొదటి రోజు ఏం జరిగిందో చెప్తుంది. మన అమ్మాయి డిజర్టేషన్‌లో అవే మాటలు ఇంకో పేరుతో, ఇంకో వయసుతో, ఇంకో ఊళ్లో ఉన్నాయి.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే. పుస్తకంలోంచి నిర్వచనం ఎత్తుకోవడం ఒకటి. ఒక మనిషి తన బతుకు గురించి నమ్మి చెప్పిన మాటని పెరికి, లేని మనిషి నోట్లో పెట్టడం ఇంకొకటి. అక్కడ ముగ్గురికి అన్యాయం జరిగింది. ఆ మాట చెప్పిన తల్లికి. ఎండలో తిరిగి దాన్ని రాసుకున్న పరిశోధకురాలికి. మూడోది, ఈ అమ్మాయి నిజంగా వెళ్లి కూర్చుని ఉంటే తమ కథ చెప్పేవాళ్లు, ఆ రెండో బస్తీలోని ఆడవాళ్లకి. వాళ్ల మాట ఎవరూ వినలేదు, కానీ విన్నట్టు రికార్డు అయింది.

మన గురించి మనమే రాసిన రాత చాలా తక్కువ. ఉన్న ఆ కాస్తా ఎవరి పేరూ లేకుండా చేతులు మారుతూ పోతే, పదేళ్ల తర్వాత ఆ పని ఎవరు చేశారో ఎవరికీ తెలియదు. ఒక దళిత పరిశోధకురాలి పేరు మన రాతలో పెట్టకపోవడం అంటే ఆవిడని ఆ రంగం నుంచి చెరిపేయడం. అగ్రకులాల పండితులు మనల్ని ఉటంకించరని వాపోతాం. మనం ఒకరినొకరం ఉటంకిస్తున్నామా?

ఈ ఊళ్లో నిలబడి ఈ మాట చెప్పడానికి ఇంకో కారణం ఉంది. జంషెడ్‌పూర్ చరిత్ర ఎక్కడ చదివినా, మయూర్‌భంజ్ ఇనుప ఖనిజం గురించి జంషెడ్‌జీ టాటాకు 1904లో పి.ఎన్. బోస్ రాసిన ఉత్తరం దగ్గర మొదలవుతుంది. ఆయన గొప్ప భూగర్భ శాస్త్రవేత్తే. కానీ ఇదే ఝార్ఖండ్‌లో అసుర్ ఆదివాసులు తరతరాలుగా ఇనుప రాయిని కరిగించి ఇనుము తీశారు. ఆ రాయి ఏదో, ఎంత వేడికి కరుగుతుందో వాళ్లకు తెలుసు. వాళ్లది 'సంప్రదాయం' అయింది, ఈయనది 'ఆవిష్కరణ' అయింది. జ్ఞానం ఎవరిదో రాసే చోట ఎవరి పేరు వస్తుంది, ఎవరి పేరు జారిపోతుంది అన్నది ఈ దేశంలో ఎప్పుడూ కులం తేల్చిన విషయమే. పేరు జారిపోయినవాళ్ల పిల్లలం మనం. ఇంకొకరి పేరు జారనివ్వకూడదని అందరికన్నా మనకే బాగా తెలియాలి.

ఇప్పుడు శిక్ష సంగతికి వద్దాం. కాపీ కొట్టిన వాళ్లందరికీ ఒకే శిక్ష పడుతుందా?

మన తెలుగు నేల నుంచే మొదలుపెడతాను. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర ప్రొఫెసర్ పి. చిరంజీవి 2004 నుంచి 2007 మధ్య అంతర్జాతీయ జర్నళ్లలో వేసిన 70 దాకా పేపర్లలో ఇతరుల పని ఎత్తుకున్నారని, కల్పించారని 2008లో బయటపడింది. ప్రపంచమంతా రాశారు. యూనివర్సిటీ ఆయన్ని పరిశోధనలు గైడ్ చేయకుండా, పరీక్షల పనుల్లో ఉండకుండా నిషేధించింది. ఉద్యోగం నుంచి తీసేయలేదు.

2011లో 'అడ్వాన్స్‌డ్ మెటీరియల్స్' అనే జర్నల్‌లో వచ్చిన ఒక పేపర్‌లో కొన్ని వాక్యాలు ఇంకో పేపర్ నుంచి వచ్చాయని తేలింది. సహరచయితల్లో సి.ఎన్.ఆర్. రావు ఒకరు. ఆ వాక్యాలు ఫలితాలకు సంబంధించినవి కావు, పరిచయ భాగంలోవి. రచయితలు జర్నల్‌లో క్షమాపణ వేశారు. అది కూడా నిజమే, చెప్పాలి. కానీ బయట వినిపించిన వివరణ ఏమిటంటే, ఆ భాగం రాసింది పీహెచ్‌డీ విద్యార్థి అని. పేపర్ మీద పేరు ఉన్నంతసేపూ అందరిదీ. తప్పు బయటపడగానే అందులో చిన్నవాడిది. 2013లో రావు గారికి భారతరత్న ప్రకటించారు.

ఇక హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం. 2015 జులై నుంచి రోహిత్ వేములకు ఫెలోషిప్ ఆగిపోయింది. ఆ తర్వాత ఐదుగురు దళిత స్కాలర్లని హాస్టల్ నుంచి వెలేశారు. 2016 జనవరి 17న రోహిత్ మనకు లేకుండా పోయాడు. అప్పటి వైస్ చాన్సలర్ పొదిలె అప్పారావు. అదే ఏడాది ఏప్రిల్‌లో, ఆయన సహరచయితగా ఉన్న కొన్ని పేపర్లలో ఇతరుల వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు, సరైన ఆపాదన లేకుండా ఉన్నాయని 'ది వైర్' బయటపెట్టింది. కావాలని చేసింది కాదని ఆయన వివరణ ఇచ్చారు. పదవిలోనే కొనసాగారు. 2017 జనవరిలో తిరుపతిలో, అదే శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జరిగిన ఇండియన్ సైన్స్ కాంగ్రెస్‌లో ప్రధానమంత్రి చేతుల మీదుగా మిలీనియం ప్లేక్ అందుకున్నారు.

ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకచోట ఆరోపణ వచ్చిన విద్యార్థికి ఫెలోషిప్ లేదు, గది లేదు. ఇంకోచోట వివరణ ఇస్తే చాలు, సన్మానం కూడా ఉంది. పైవాడు చేస్తే పొరపాటు, కిందివాడు చేస్తే నేరం. నేను చెప్పిన అమ్మాయి విషయంలోనూ ఇదే జరిగింది. అదే బ్యాచ్‌లో పలుకుబడి ఉన్న ఇంటి అబ్బాయి డిజర్టేషన్‌లో కాపీ ఇంచుమించు అంతే. అతనికి 'సరిచేసి ఇవ్వు' అన్నారు. ఈ అమ్మాయిని ఫెయిల్ చేద్దామన్నారు. 'వీళ్లంతా ఇంతే' అని ఒక గొంతు కూడా వినపడింది. ఇద్దరికీ ఒకే నియమం పెట్టండి అని కాగితం మీద రాసి అడిగితే, చివరికి ఇద్దరికీ తిరిగి రాసే గడువు ఇచ్చారు.

అయితే మిత్రులారా, వాళ్లకి శిక్ష పడలేదు కాబట్టి మనవాళ్లనీ వదిలేయండి అనడం మన వాదం కాకూడదు. అది మనల్ని వాళ్ల స్థాయికి దించుతుంది. సమానత్వం అడిగేవాళ్లం నియమం అందరికీ వర్తించమని అడగాలి, ఎవరికీ వద్దని కాదు. రెండు ఉదాహరణలు చెప్తాను.

మార్టిన్ లూథర్ కింగ్ 1955లో బోస్టన్ యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ తీసుకున్నారు. ఆ థీసిస్‌లో ఇతరుల రాతలు ఆపాదన లేకుండా ఉన్నాయని కనిపెట్టింది ఆయన శత్రువులు కాదు. ఆయన భార్య కొరెట్టా కోరిక మీద కింగ్ పత్రాలను సేకరించి సంపాదకత్వం చేస్తున్న నల్లజాతి చరిత్రకారుడు క్లేబోర్న్ కార్సన్ బృందం. వాళ్లు దాన్ని తొక్కిపెట్టలేదు. 1990లో విషయం బయటికి వచ్చింది. 1991లో యూనివర్సిటీ కమిటీ కాపీ జరిగిందని తేల్చింది, డిగ్రీ రద్దు చేయలేదు, లైబ్రరీలోని ప్రతికి ఆ విషయం చెప్పే లేఖ జత చేయమంది. కింగ్ ఉద్యమం విలువ దానివల్ల తగ్గలేదు. కానీ ఆయన్ని ప్రేమించే మనుషులే ఆ నిజాన్ని నమోదు చేశారు. తమవాళ్ల రాతని తామే నిక్కచ్చిగా చూసుకునే ధైర్యం అంటే అదీ.

రెండో ఉదాహరణ బాబాసాహెబ్. 'బుద్ధుడు-ధమ్మం' పుస్తకం ఆయన పరినిర్వాణం తర్వాత 1957లో అచ్చయింది. 1956లో ఆయన రాసుకున్న ముందుమాట ఆ ముద్రణలో రాలేదు. ఆ ముందుమాటలో ఆయన ఏమంటారంటే, ఈ పుస్తకంలో స్వంతత్వం ఏమీ ఉందనుకోవడం లేదని, అనేక పుస్తకాల నుంచి సరుకు తెచ్చి కూర్చిన అసెంబ్లీ ప్లాంటు లాంటిదని, అశ్వఘోషుడి బుద్ధచరిత నుంచి కొన్ని ఘట్టాల్లో భాషని కూడా తీసుకున్నానని, విషయాలను అమర్చిన వరుస మాత్రమే తనదని చెప్పుకుంటారు. లారీలు బిగించే ఊళ్లో ఉన్నాం కాబట్టి అసెంబ్లీ ప్లాంటు అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. ప్రతి భాగం ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడ రికార్డు ఉంటుంది.

ఎవరీ మాట అంటున్నది? కొలంబియాలో, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో డాక్టరేట్లు చేసిన మనిషి. 1923లో 'ప్రాబ్లమ్ ఆఫ్ ద రూపీ' రాసిన మనిషి. తనది ఎంతో, ఇతరులది ఎంతో గీత గీసి చెప్పడం ఆయనకి చిన్నతనం అనిపించలేదు. అప్పు తీసుకుని అప్పు అని చెప్పినవాడి పరువు పోదు. ఎవరి దగ్గర తీసుకున్నామో చెప్పడం బాబాసాహెబ్ మనకి నేర్పిన మర్యాద. దాన్ని యూజీసీ నియమం అని కాదు, మన నియమం అని పాటించాలి.

అలాగని యూజీసీ నియమాన్ని వదిలేయకండి. దాన్ని చదవండి. 2018లో వచ్చింది. చాలామంది స్కాలర్లకి అందులో ఏముందో తెలియదు, తెలియకపోవడం వల్లే బెదిరిపోతారు. థీసిస్ లేదా డిజర్టేషన్‌లో పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం ఉంటే ఆరు నెలలకు మించని గడువులో సరిచేసి మళ్లీ ఇవ్వమనాలి. 40 నుంచి 60 దాకా ఉంటే ఏడాది పాటు మళ్లీ ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. కొటేషన్ గుర్తుల్లో పెట్టి ఆపాదించినవి, గ్రంథసూచి, విషయసూచిక, కృతజ్ఞతలు, చట్టాల పాఠం లెక్కలోకి రావు. ఫిర్యాదు వస్తే ముందు డిపార్ట్‌మెంట్ ప్యానెల్, తర్వాత ఇన్‌స్టిట్యూట్ ప్యానెల్ చూడాలి. సహజ న్యాయ సూత్రాలు పాటించాలి, అంటే విద్యార్థి మాట వినాలి. 45 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. ఒక ప్రొఫెసర్ తన గదిలో కూర్చుని 'నిన్ను ఫెయిల్ చేస్తున్నా' అనడానికి ఇందులో వీలు లేదు. కాగితం మీద ఉన్న నియమం బలహీనుడికి కవచం. నోటి మాట ఎప్పుడూ బలవంతుడిదే.

అదే నియమంలో సంస్థల బాధ్యతలు కూడా ఉన్నాయి. ప్రతి సెమిస్టర్ అవగాహన కార్యక్రమాలు పెట్టాలి, డిగ్రీ నుంచే ఆపాదన ఎలా చేయాలో పాఠంగా చెప్పాలి. పీహెచ్‌డీ కోర్స్‌వర్క్‌లో పరిశోధనా నైతికత మీద రెండు క్రెడిట్ల కోర్సు తప్పనిసరి అని 2019 చివర్లో యూజీసీ చెప్పింది. మీ కాలేజీలో ఇవి జరుగుతున్నాయా? జరగకపోతే శిక్ష అడిగే ముందు పాఠం ఏదని అడిగే హక్కు మీకు ఉంది. ఇంకో లోపం కూడా ఉంది. ఆ ప్యానెళ్లలో ఎవరెవరు ఉండాలో రాశారు గానీ, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ అధ్యాపకుడు ఒకరు ఉండాలని రాయలేదు. ఇది మనం అడగాల్సిన డిమాండ్.

శాతాల గురించి ఒక హెచ్చరిక. సాఫ్ట్‌వేర్ చెప్పేది పోలిక మాత్రమే, దొంగతనం కాదు. ఇన్‌ఫ్లిబ్‌నెట్ 2019లో శోధ్‌శుద్ధి కింద యూనివర్సిటీలకు ఉర్కుండ్ ఇచ్చింది, తర్వాత డ్రిల్‌బిట్ వచ్చింది. ఇవి అక్షరాలను అక్షరాలతో పోలుస్తాయి. తెలుగు థీసిస్‌లు చాలావరకు అను ఫాంట్లలో, ఇక్కడ హిందీవి కృతిదేవ్‌లో టైప్ అవుతాయి. అవి యూనికోడ్ కాదు. కంటికి తెలుగు కనిపిస్తుంది గానీ మెషీన్‌కి అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. శోధ్‌గంగలో స్కాన్ చేసిన ఫొటోల్లా ఉన్న పాత థీసిస్‌లు కూడా దానికి గుడ్డివే. ఇంగ్లీషు పుస్తకాన్ని తెలుగులోకి మార్చి తన పేరు పెట్టుకుంటే సాధారణంగా దొరకదు. అంటే పట్టుబడేది ఎవరు? సొంతంగా ఇంగ్లీషు రాయడం రాక, దొరికిన వాక్యాన్ని అలాగే దించిన గ్రామీణ విద్యార్థి. తెలివిగా మాటలు మార్చి ఆలోచన మొత్తం ఎత్తుకున్నవాడికి సున్నా శాతం సర్టిఫికెట్ వస్తుంది.

ఏఐ వచ్చాక ఇది ఇంకా ముదిరింది. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏఐ రాతని పట్టుకుంటామనే పరికరాలను పరీక్షించారు. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు రాసిన 91 టోఫెల్ వ్యాసాలు పెడితే, సగటున 61 శాతం వ్యాసాలను మెషీన్ రాసిందని అవి తప్పుగా చెప్పాయి. కారణం చిన్నదే. నేర్చుకున్న ఇంగ్లీషులో మాటలు తక్కువ, వాక్యాలు సాదా. అది ఆ పరికరాలకి మెషీన్ లాగా కనపడింది. అదే ఏడాది జులైలో ఓపెన్‌ఏఐ తన సొంత డిటెక్టర్‌ని సరిగ్గా పనిచేయడం లేదని తీసేసింది. కాబట్టి ఒక డిటెక్టర్ అంకె చూసి మన విద్యార్థి మీద నింద వేస్తే, ఒప్పుకోకండి. డ్రాఫ్టులు చూపించండి, ఫీల్డ్ నోట్సు చూపించండి, వైవా పెట్టమనండి. రాసినవాడికి తన రాత గురించి మాట్లాడటం వస్తుంది.

ఇక చేయాల్సిన పనులు. పెద్దవేమీ కావు.

మొదటిది, చదివేటప్పుడే మూడు రకాల నోట్సు వేరు చేసుకోండి. పుస్తకంలోని వాక్యం ఉన్నది ఉన్నట్టు అయితే కొటేషన్ గుర్తు, పేజీ నంబరు. మీ మాటల్లో సారాంశం అయితే పేజీ నంబరు. మీ సొంత ఆలోచన అయితే వేరే రంగు పెన్ను. కాపీ పట్టుబడిన తర్వాత చేసే ఆరు నెలల పని ఈ అలవాటుతో మొదటి రోజే అయిపోతుంది. రెండోది, పుస్తకం మూసి రాయండి. ముందు తెలుగులో రాయండి, ఇంట్లో మాట్లాడే తెలుగులోనే. ఆ తర్వాత ఇంగ్లీషులోకి తెండి. ఇంగ్లీషు చిన్నగా ఉంటుంది, పర్వాలేదు. అది మీది. మాటలు అటూ ఇటూ మార్చి శాతం తగ్గించుకోవడం మాత్రం చేయకండి. అది కాపీకి మారువేషం, అంతే.

మూడోది, ఫీల్డ్‌లో ఎవరు ఏం చెప్పారో, ఏ రోజు, ఎక్కడ చెప్పారో రాసి పెట్టండి. పేరు బయటపెట్టకూడని చోట పేరు మార్చండి, కానీ మనిషిని సృష్టించకండి. నాలుగోది, మన పరిశోధకులను వెతికి చదివి, వాళ్ల పేరు పెట్టి ఉటంకించండి. ఐదోది అధ్యాపకులకి. మొదటి తరం విద్యార్థి రాసిన మొదటి పది పేజీలు మొదటి నెలలోనే చదవండి. చివరి నెలలో సాఫ్ట్‌వేర్‌కి అప్పజెప్పి, వచ్చిన శాతం చూసి ఆశ్చర్యపోవడం గైడ్ చేయడం కాదు. విద్యార్థి ఫీల్డ్ నోట్సుతో పేపర్ రాసి మొదటి పేరు మీది పెట్టుకోవడం కూడా గ్రంథచౌర్యమేనని గుర్తుంచుకోండి. దానికి సాఫ్ట్‌వేర్ లేదు.

పేపర్ల ఒత్తిడి గురించి ఒక్క ముక్క. 2016 నియమాల ప్రకారం థీసిస్ ఇవ్వడానికి ముందు జర్నల్‌లో పేపర్ తప్పనిసరిగా ఉండాలి. దానివల్ల డబ్బు కడితే వారంలో వేసే పత్రికలు పుట్టగొడుగుల్లా వచ్చాయి, ఫెలోషిప్ డబ్బులు వాటికి పోశాం. 2022 నియమాల్లో ఆ షరతు తీసేశారు. కొన్నిచోట్ల ఇంకా పాత లెక్కే అడుగుతున్నారు. అడిగితే కొత్త నియమం చూపించండి. తొందరలో రాసిన మూడు పేపర్ల కన్నా నిలబడి రాసిన ఒక అధ్యాయం మేలు.

ఆ అమ్మాయి గడువులో తన బస్తీకి వెళ్లింది. పదకొండు మందితో మాట్లాడింది. కొత్త అధ్యాయం పాతదానిలో సగం కూడా లేదు, ఇంగ్లీషు తప్పులు కూడా ఉన్నాయి. కానీ అందులో నీళ్ల ట్యాంకర్ దగ్గర వరుసలో ఎవరు ముందు నిలబడతారు, ఎవరు వెనక నిలబడతారు అన్నదాని మీద రెండు పేజీలు ఉన్నాయి. ఆ విషయం నేను ఇంతకుముందు ఏ పుస్తకంలోనూ చదవలేదు. శోధ్‌గంగ థీసిస్ రాసిన పరిశోధకురాలి పేరు ఆ అధ్యాయంలో నాలుగుచోట్ల వచ్చింది, పేజీ నంబర్లతో సహా.

చదువుకో, సంఘటితమవు, పోరాడు అన్నారు బాబాసాహెబ్. చదువుకోవడం అంటే ఇంకొకరి వాక్యాన్ని దించడం కాదు, మన వాక్యం మనం రాయగలగడం. మనకంటే ముందు రాసినవాళ్ల పేరు తలుచుకుని రాయగలగడం. వేల ఏళ్లు మన చేతికి అక్షరం అందనివ్వలేదు. ఇప్పుడు అందింది. అందిన చేత్తో మనదే రాద్దాం.

ప్రశ్నలు ఉంటే అడగండి. ఇక్కడ ఉన్న స్కాలర్లు ఎవరైనా తమ అధ్యాయాలు చూడమంటే రేపు మధ్యాహ్నం దాకా ఊళ్లోనే ఉంటాను, కూర్చుందాం.

జై భీమ్. జోహార్.